లేదు వేరు, తెలియదు వేరు

పోయిన వారం మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి రివ్యూకి పంపిన కోడ్‌లో ఎనిమిది లైన్ల క్లాసు ఒకటి కనిపించింది. పేరు నల్. దాన్ని ఏ యాట్రిబ్యూట్ (ఆబ్జెక్ట్‌లో ఒక పేరుతో ఉండే విలువ) అడిగినా తననే తిరిగి ఇస్తుంది. ఫంక్షన్‌లా పిలిచినా తననే ఇస్తుంది. ఇఫ్‌లో పెడితే ఫాల్స్ అవుతుంది, ప్రింట్ చేస్తే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. పైథాన్‌లో కొన్నేళ్లు పనిచేసిన వాళ్లలో చాలామంది ఏదో ఒక రాత్రి ఈ క్లాసు రాసే ఉంటారు. నేనూ రాశాను, ఏడేళ్ల కిందట. ఇంచుమించు అవే ఎనిమిది లైన్లు.

అందుకే చూడగానే "ఇది వద్దు" అని ఒక్క ముక్క రాసి పంపేశాను. మధ్యాహ్నం ఆ అమ్మాయి నా డెస్క్ దగ్గరికే వచ్చింది. "అన్నా, ఇందులో తప్పేముంది? నలభై చోట్ల 'నన్ అయితే' అని చెక్ రాయడం కన్నా ఇది శుభ్రంగా ఉంది కదా. టెస్టులన్నీ పాసయ్యాయి కూడా" అంది. పైథాన్‌లో 'విలువ ఏమీ లేదు' అని చెప్పేదే నన్. న్యాయమైన ప్రశ్న. నా దగ్గర భయం ఉంది గానీ, వరసగా చెప్పగలిగే కారణం అప్పటికప్పుడు లేదు. ఇంటికెళ్లాక కూడా అదే ఆలోచన. ఆ కారణం ఏమిటో వెతుక్కుంటూ రాస్తున్నదే ఇదంతా.

ముందే ఒక మాట. నల్ ఆబ్జెక్ట్ ప్యాటర్న్ (విలువ లేని చోట నన్ బదులు, ఏమీ చేయని ఒక ఆబ్జెక్ట్‌ని పెట్టే పద్ధతి) అంటే నాకు వ్యతిరేకత లేదు, తరచుగా వాడతాను. పైథాన్, రూబీ లాంటి డైనమిక్ భాషల్లోకి వచ్చేసరికి అది ఏ రూపంలోకి జారిపోతోందో, దాని మీదే నా అభ్యంతరం. ఏది అడిగినా ఊఁ కొట్టే ఒకే ఒక్క ఆబ్జెక్ట్‌ని తయారుచేసి, ఎక్కడ ఏది లేకపోయినా దాన్నే కూర్చోబెట్టడం. కాలేజీలో ప్రాక్సీ వేసే స్నేహితుడు గుర్తున్నాడా? ఎవరి నంబరు పిలిచినా "ప్రెజెంట్ సార్" అంటాడు. హాజరు పట్టీ నిండుగా ఉంటుంది. క్లాసులో ఎవరున్నారో మాత్రం ఆ పట్టీ చూసి చెప్పలేం.

పొద్దున ఐదున్నర

అప్పట్లో ఒక పాల సేకరణ సంస్థకి సాఫ్ట్‌వేర్ రాసే చిన్న బృందంలో ఉండేవాణ్ణి. ఊళ్లోని కేంద్రానికి రైతులు పొద్దునా సాయంత్రం పాలు తెస్తారు. శాంపిల్ తీసి ఎనలైజర్‌లో పెడితే ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థాలు) అంకెలు వస్తాయి. అవి కేబుల్ మీదుగా మా ప్రోగ్రాంకి చేరతాయి. లీటర్లు, ఫ్యాట్, రేటు గుణించి స్లిప్ ప్రింట్ అవుతుంది. పదిహేను రోజులకోసారి ఆ స్లిప్పులన్నీ కూడితే రైతు బిల్లు.

కేబుల్ వదులైనా, కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చినా ఆ పూట రీడింగ్ రాదు. రీడింగ్ రాకపోతే మా ఫంక్షన్ నన్ ఇచ్చేది. తర్వాతి లైనులో దాన్ని ఫ్యాట్ అడిగేవాళ్లం. నన్‌కి ఫ్యాట్ అనే యాట్రిబ్యూట్ లేదని ఎర్రర్ ఇచ్చి ప్రోగ్రాం ఆగిపోయేది. అదీ పొద్దున ఐదున్నరకి, క్యాన్లు పట్టుకుని ఇరవై మంది వరసలో నిలబడి ఉన్నప్పుడు. ఎండ ఎక్కేలోపు పాలు కూలర్‌కి చేరాలి, లేకపోతే విరుగుతాయి.

"బాబూ, మిషను మళ్లీ ఆగింది. జనం కేకలేస్తున్నారు" అని కేంద్రం సెక్రటరీ గారు ఫోన్ చేసేవారు. వారంలో మూడుసార్లు అలా నిద్ర లేచాక, ఒక రాత్రి కూర్చుని నల్ క్లాసు రాశాను.

ఎనిమిది లైన్లతో అయిపోతుందనుకున్నాను. అవలేదు. పైథాన్‌లో డండర్ గెట్‌యాటర్ (పేరుకి అటూ ఇటూ రెండేసి అండర్‌స్కోర్లు ఉండే డండర్ మెథడ్లలో ఒకటి, లేని యాట్రిబ్యూట్ అడిగితే పైథాన్ దీన్ని పిలుస్తుంది) రాస్తే మామూలు పేర్లన్నీ దానికి చిక్కుతాయి గానీ, గుణకారం, కూడిక, పోలిక, ఫార్మాటింగ్ లాంటి పనులు చిక్కవు. వాటికి కావలసిన డండర్ మెథడ్లను పైథాన్ ఆబ్జెక్ట్‌లో వెతకదు, నేరుగా క్లాసులో వెతుకుతుంది. కాబట్టి లీటర్లని నల్‌తో గుణించగానే టైప్ ఎర్రర్ వచ్చింది. గుణకారానికి ఒక మెథడ్ రాశాను. మొత్తం కూడేటప్పుడు మళ్లీ ఎర్రర్. కూడికకి ఒకటి రాశాను. రెండు దశాంశ స్థానాలకి సవరించే రౌండ్ దగ్గర ఎర్రర్. దానికీ రాశాను. స్లిప్ మీద అంకెగా ప్రింట్ చేయబోతే ఫార్మాట్ దగ్గర ఎర్రర్. చివరికి డేటాబేసు కూడా "ఈ రకం నాకు తెలియదు" అని తీసుకోలేదు. దానికి ఫ్లోట్‌గా మారే మెథడ్ రాసి 0.0 ఇప్పించాను. రాత్రి రెండున్నరకి అన్నీ నెగ్గుకొచ్చాయి. పొద్దున మిషను ఆగలేదు. మర్నాడూ ఆగలేదు. ఆ వారం నేను హాయిగా నిద్రపోయాను.

రెండు వారాల తర్వాత బిల్లుల రోజున ఒక పెద్దావిడ తన స్లిప్పులన్నీ రబ్బరు బ్యాండు వేసి కేంద్రానికి తీసుకొచ్చింది. అందులో మూడు పూటలు ఫ్యాట్ 0.0, డబ్బు 0.00 అని ఉంది. "నీళ్లు పోసినా అంతో ఇంతో చూపిస్తది గదయ్యా. నా బర్రె పాలల్ల అసలేమీ లేదా?" అని అడిగిందట. సెక్రటరీ గారు ఆ మాట ఫోన్‌లో నాకు చెప్పి, "ఏం చెప్పమంటావు బాబూ?" అన్నారు.

వెతికితే పదకొండు మంది రైతుల లెక్కల్లో అలాంటి పూటలు దొరికాయి. వాటిలో ఏది రీడింగ్ రాక పడిన సున్నో, ఏది ఎనలైజర్ శుభ్రం చేస్తూ ఖాళీగా నడిపినప్పుడు పడిన సున్నో తేల్చడానికి డేటాబేసులో ఏ గుర్తూ లేదు. రెండూ ఒకే 0.0. ఆ గుర్తు చెరిపేసింది నేనే. చివరికి ఎవరికి వాళ్ల వారం సగటు వేసి డబ్బులిచ్చారు. కానీ ఆ లోపే ఇద్దరు ముగ్గురు పక్క ఊరి ప్రైవేటు కేంద్రానికి పాలు పోయడం మొదలుపెట్టారు. కొలత మీద నమ్మకం పోయాక, సగటు వేసి ఇచ్చినంత మాత్రాన అది తిరిగి రాదు.

భాష అడిగింది, నేను వినలేదు

ఆ రాత్రి నేను ఒక్కొక్కటిగా రాసిన డండర్ మెథడ్లని తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకున్నాను. అప్పుడు అవన్నీ అడ్డంకుల్లా అనిపించాయి. ఇప్పుడు చూస్తే ఒక్కో ఎర్రర్ ఒక్కో ప్రశ్న. "నాలుగు లీటర్లు ఇంటూ తెలియని ఫ్యాట్ ఎంత?" "తెలియని మొత్తాన్ని రెండు స్థానాలకి సవరిస్తే ఎంత?" "ఈ రైతు రికార్డులో ఏ అంకె రాయమంటావు?" భాష వరసగా అడుగుతూ వచ్చింది. దేనికీ నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే జవాబు చెప్పాల్సింది ప్రోగ్రామర్ కాదు, ఆ కేంద్రం నడిపేవాళ్లు. వాళ్లని అడగాల్సిన ప్రశ్నలకి రాత్రి రెండింటికి ఒంటరిగా కూర్చుని "సున్న" అని రాసేశాను.

1990ల చివర్లో బాబీ వుల్ఫ్ ఈ ప్యాటర్న్‌ని ఒక పద్ధతిగా రాసినప్పుడు అందులో ముఖ్యమైన షరతు ఒకటుంది. అసలు ఆబ్జెక్ట్‌కి ఏ ఇంటర్‌ఫేస్ (బయటి కోడ్ పిలవగల మెథడ్ల జాబితా) ఉందో నల్ ఆబ్జెక్ట్‌కీ అదే ఉండాలి, ఏమీ చేయకుండా ఉండటం ఎలాగో దానికి తెలిసి ఉండాలి. జావాలో దీన్ని రాయాలంటే ఇంటర్‌ఫేస్‌లో ఉన్న మెథడ్లన్నీ ఒక్కొక్కటిగా చేత్తో రాయాలి. విసుగు పుడుతుంది. కానీ ఆ విసుగులోనే ప్రతి మెథడ్ దగ్గరా ఒక్క క్షణం ఆగి, "ఇది లేనప్పుడు ఇక్కడ ఏం జరగాలి?" అని అనుకోక తప్పదు. పైథాన్‌లో గెట్‌యాటర్, రూబీలో మెథడ్ మిస్సింగ్, స్మాల్‌టాక్‌లో డజ్‌నాట్‌అండర్‌స్టాండ్ ఆ విసుగుని ఒక్క మెథడ్‌తో తీసేస్తాయి. దాంతోపాటు ఆ ఆలోచననీ తీసేస్తాయి. అలాంటి ఆబ్జెక్ట్‌కి ఇంటర్‌ఫేస్ అంటూ ఏదీ మిగలదు. ఫ్యాట్ అని సరిగ్గా అడిగినా, అక్షరం తప్పుగా రాసి ఫాట్ అని అడిగినా ఒకే జవాబు.

ఇంకో సంగతి ఆ అమ్మాయికి చూపించాను. ఆ క్లాసులో ఇండెక్స్ తీసుకునే గెట్‌ఐటమ్ మెథడ్ కూడా ఉంది, అదీ తననే తిరిగి ఇస్తుంది. ఇటర్ మెథడ్ మాత్రం లేదు. అలాంటి ఆబ్జెక్ట్‌ని ఫర్ లూప్‌లో పెడితే పైథాన్ పాత పద్ధతికి వెళ్లి 0, 1, 2 అని వరసగా ఇండెక్స్ అడుగుతూ పోతుంది, ఇండెక్స్ ఎర్రర్ వచ్చినప్పుడే ఆగుతుంది. ఈ ఆబ్జెక్ట్ ఎప్పుడూ ఎర్రర్ ఇవ్వదు. లూప్ ఎప్పటికీ ఆగదు. ఏమీ లేని చోట ఒక్కసారి కూడా తిరగకూడని లూప్ అంతు లేకుండా తిరుగుతుంది. టెర్మినల్‌లో నడిపి చూపించేదాకా తను నమ్మలేదు.

ఇలాంటి ఆబ్జెక్ట్‌ల బెడద ఎంత ఉందో చెప్పే చిన్న ఆనవాలు, నోట్‌బుక్‌లలో పైథాన్‌ని నడిపే ఐపైథాన్ కోడ్‌లో ఉంది. నోట్‌బుక్‌లో ఏదైనా ఆబ్జెక్ట్‌ని చూపించేముందు, దానికి హెచ్‌టీఎంఎల్ రూపం ఇచ్చే మెథడ్ ఉందా అని అడుగుతుంది. అంతకంటే ముందు ఇంకో పేరు అడుగుతుంది. "ఇది ఉండకూడని మెథడ్" అనే అర్థం వచ్చేలా పెట్టిన పొడవాటి పేరది. దానికి కూడా "ఉంది" అని జవాబొస్తే, ఈ ఆబ్జెక్ట్ అన్నిటికీ తలూపే రకమని తెలుసుకుని దాని మాట పట్టించుకోదు. ఒక లైబ్రరీ అబద్ధాన్ని పట్టుకోవడానికి పరీక్ష పెట్టాల్సి వచ్చిందంటే ఆ అబద్ధం ఎంత మామూలైపోయిందో చూడండి.

అదే బిల్లులో ఇంకో ఖాళీ

ఇంత చెప్పాక, మరి నల్ ఆబ్జెక్ట్ తరచుగా వాడతానని ఎందుకన్నానంటే, అదే పాల బిల్లులో ఇంకో ఖాళీ ఉంది.

కొందరు రైతులు కేంద్రం నుంచి దాణా అప్పు మీద తీసుకుంటారు. బిల్లులో ఆ వాయిదా కోత పడుతుంది. చాలామందికి అప్పు ఉండదు. అక్కడ కూడా మా కోడ్‌లో నన్ వచ్చేది, అక్కడ కూడా పది చోట్ల చెక్ ఉండేది. నేను "అప్పు లేదు" అనే చిన్న క్లాసు రాశాను. దానికి మూడే మూడు మెథడ్లు. వాయిదా అడిగితే 0, బాకీ అడిగితే 0, బిల్లు మీద వేయాల్సిన లైను అడిగితే ఖాళీ. నాలుగోది ఏది అడిగినా మామూలు పైథాన్ ఎర్రర్. ఆ క్లాసు పెట్టాక బిల్లు కోడ్ సగానికి తగ్గింది, చదివితే కథలా సాగింది. నేను ఆ పని వదిలి వచ్చేదాకా దానితో ఒక్క తగాదా రాలేదు.

రెండూ నన్‌లే. రెండూ ఒకే ఫైలులో ఉన్నాయి. ఒకటి బాగా పనిచేసింది, ఇంకొకటి పదకొండు మంది డబ్బు తినేసింది. తేడా ఎక్కడుందని అడిగితే, అప్పు తీసుకోని రైతుకి అప్పు లేదు. అది మనకి తెలిసిన విషయం. దాని వాయిదా నిజంగానే సున్న. సున్న అని రాస్తే అబద్ధం కాదు. రీడింగ్ రాని పాలలో ఫ్యాట్ లేదని కాదు, ఎంత ఉందో తెలియదు. అక్కడ సున్న అని రాస్తే అబద్ధం. తెలుగులో ఈ రెండు మాటల్ని మనం ఎప్పుడూ కలపం. "మీ తమ్ముడికి పిల్లలు ఎంతమంది?" అని అడిగితే "లేరు" అనడం వేరు, "తెలియదు" అనడం వేరు. మార్కుల మెమోలో కూడా పరీక్ష రాసి సున్న తెచ్చుకున్నవాడికీ, పరీక్షకే రానివాడికీ ఒకే అంకె వేయరు. మన ప్రోగ్రామింగ్ భాషల్లో మాత్రం రెండింటికీ ఒకే నన్ పెట్టుకున్నాం. తర్వాత ఆ నన్ మీద ఒకే నల్ ఆబ్జెక్ట్ కప్పి, ఉన్న కాస్త తేడానీ పూడ్చేస్తున్నాం.

విచిత్రమేమిటంటే డేటాబేసుకి ఈ తేడా తెలుసు. డేటాబేసుని అడిగే భాష ఎస్‌క్యూఎల్‌లో నల్‌తో గుణిస్తే నల్లే వస్తుంది, సగటు తీస్తే నల్‌ని లెక్కలోకి తీసుకోదు. ఆ కాలమ్‌ని నల్‌గా వదిలేసి ఉంటే సగటు దానంతటదే సరిగ్గా వచ్చేది, రాని పూటలు ఏవో ఒక్క క్వెరీతో తెలిసేది. 0.0 పంపి ఆ దారి నేనే మూసేశాను.

పెద్ద ఇళ్లలో ఎలా చేశారు

నా ఒక్కడి అనుభవం మీద ఇంత మాట అనొచ్చా అని నాకూ అనిపించింది. అందుకని, చాలామంది వాడే లైబ్రరీల్లో ఇదెలా ఉందో మళ్లీ చూశాను.

పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగోలో లాగిన్ కాని మనిషికి ఎనానిమస్ యూజర్ అనే ఆబ్జెక్ట్ ఉంటుంది. ఐడీ నన్, యూజర్‌నేమ్ ఖాళీ, స్టాఫ్ కాదు, సూపర్ యూజర్ కాదు. ఇవన్నీ అతని గురించి నిజాలే. నాకు బాగా నచ్చింది వేరే ఉంది. దాన్ని సేవ్ చేయమంటే నాట్ ఇంప్లిమెంటెడ్ ఎర్రర్ వస్తుంది. డిలీట్ చేయమన్నా, పాస్‌వర్డ్ పెట్టమన్నా అంతే. మాట్లాడకుండా ఏమీ చేయకపోవడం ఎంత సులువో! అలా చేసి ఉంటే ఎవరో ఒకరు ప్రొఫైల్ మార్చుకుని "సేవ్ అయింది" అని చూసి వెళ్లిపోయేవారు, అక్కడ ఏదీ సేవ్ అయ్యేది కాదు. అతిథి ఏం చేయగలడో ఏం చేయలేడో రాసినవాళ్లు ఒక్కొక్కటిగా ఆలోచించారని ఆ క్లాసు చదివితే అర్థమవుతుంది.

వెబ్ పేజీల్లో విలువలు నింపడానికి వాడే జింజా టెంప్లేట్లలో ఇంకా చక్కగా ఉంది. లేని వేరియబుల్‌కి అన్‌డిఫైన్డ్ అనే ఆబ్జెక్ట్ వస్తుంది. దాన్ని ప్రింట్ చేస్తే ఖాళీ, లూప్‌లో పెడితే ఒక్కసారి కూడా తిరగదు. కానీ దాని మీద ఇంకో యాట్రిబ్యూట్ అడిగితే ఎర్రర్. ఇంకా కఠినంగా కావాలంటే స్ట్రిక్ట్ అన్‌డిఫైన్డ్ ఉంది, వదులుగా కావాలంటే చెయినబుల్ ఉంది. ఎంత మౌనం కావాలో మనమే ఎంచుకుని, దాన్ని పైకి రాసి ఒప్పుకోవాలి. రూబీ వెబ్ ఫ్రేమ్‌వర్క్ రైల్స్‌లో 4వ వెర్షన్ నుంచి వచ్చిన నన్ రిలేషన్ కూడా ఇదే కోవలోది. ఒక్క రికార్డూ లేని జాబితా అది. లెక్కపెడితే 0, దాని మీద ఇంకో షరతు కలిపినా ఖాళీయే. ఖాళీ జాబితా అనేది అసలు లేకపోవడం కాదు, అదొక పూర్తి విలువ. అందుకే అక్కడ ఎవరూ మోసపోరు. పైథాన్ లాగింగ్‌లో దేన్నీ రాయని నల్ హ్యాండ్లర్, 3.7లో వచ్చిన, విత్ బ్లాక్‌లో ఏమీ చేయని నల్ కాంటెక్స్ట్ కూడా అలాంటివే. లాగ్ వద్దన్నవాడికి లాగ్ రాకపోతే ఏ నష్టమూ లేదు.

లేనిదాన్ని అడిగినా ఏదో ఒక జవాబిచ్చే రెండో రకానికీ చరిత్ర ఉంది. పాత రూబీలో, అంటే 1.8 కాలంలో, ప్రతి ఆబ్జెక్ట్‌కీ ఐడీ అనే మెథడ్ ఉండేది. నిల్‌ని (పైథాన్ నన్‌కి రూబీలో పేరు) ఐడీ అడిగితే 4 వచ్చేది. రైల్స్‌లో యూజర్ దొరక్క నిల్ వచ్చినప్పుడు దాని ఐడీ అడిగితే ఎర్రర్ రాదు, 4 వస్తుంది. డేటాబేసులో 4వ నంబరు మనిషి నిజంగానే ఉంటాడు. ఎవరి ఆర్డరో వెళ్లి అతని ఖాతాలో పడుతుంది. దీన్ని ఆపడానికి రైల్స్‌లో ప్రత్యేకంగా ఒక హెచ్చరిక పెట్టారు: నిల్‌ని ఐడీ అడిగారు, అది పొరపాటున 4 అయ్యేది, అని. ఆ ఎర్రర్ మెసేజ్ మొదటిసారి చదివినప్పుడు వింతగా అనిపించింది. పాలకేంద్రం అనుభవం తర్వాత చదివితే నా 0.0 గుర్తొచ్చింది.

యాపిల్ యాప్‌లకి వాడే ఆబ్జెక్టివ్ సీలో అయితే నిల్‌కి ఏ మెసేజ్ పంపినా కిక్కురుమనదు. నిల్ గానీ సున్న గానీ తిరిగి వస్తుంది. యాప్ పడిపోదు. బటన్ నొక్కితే ఏమీ జరగదు, అంతే. ఎందుకు జరగలేదో వెతకడానికి పూటలు పట్టేది. ఆ మౌనంతో ఏళ్ల తరబడి కాపురం చేసిన యాపిల్ 2014లో స్విఫ్ట్ తెచ్చినప్పుడు, విలువ లేకపోవచ్చు అన్న సంగతిని టైపులోనే రాయించింది. లేనప్పుడు వదిలెయ్యి అని చెప్పాలంటే ప్రోగ్రామర్ స్వయంగా ప్రశ్నార్థకం పెట్టాలి.

నాకున్న సందేహాలు

వీటిలో అన్నిటికన్నా బలమైన ప్రశ్న ఆ పొద్దున ఐదున్నర గురించే. ప్రోగ్రాం ఆగిపోవడమే మంచిదని ఆఫీసులో ఏసీ గదిలో కూర్చుని చెప్పడం సులువు. ఇరవై మంది వరసలో ఉన్నారు, పాలు విరిగిపోతాయి. ఆ రాత్రి నేను నల్ రాయకపోయి ఉంటే పదకొండు మంది కొన్ని పూటల డబ్బు కాదు, ఊరి మొత్తం ఒక పూట పాలు పోయేవి. ఈ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆగకుండా నడవడం కూడా ఒక అవసరమే, కొన్ని చోట్ల అదే పెద్ద అవసరం. నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆ నడిచే దారి ఆ పని తెలిసినవాళ్ల నుంచి రావాలి. తర్వాత సెక్రటరీ గారిని అడిగితే ఒక్క నిమిషంలో చెప్పారు: "రీడింగ్ రాకపోతే శాంపిల్ సీసాలో పోసి, మీద నంబరు రాసి పక్కన పెడతాం బాబూ. మిషను బాగయ్యాక పెట్టి చూస్తాం. కంప్యూటర్ రాకముందు నుంచీ అలాగే చేసేవాళ్లం." ఆ పద్ధతి వాళ్ల దగ్గర ముందే ఉంది. మా ప్రోగ్రాంలో దానికి చోటు లేదు, అంతే.

రెండో సందేహం టెస్టుల గురించి. టెస్టులు పాసయ్యాయి కదా అంది ఆ అమ్మాయి. పాసవుతాయి. అన్నిటికీ తలూపే ఆబ్జెక్ట్ ముందు ఏ టెస్టు ఫెయిలవుతుంది? టెస్టుల్లో అసలు ఆబ్జెక్ట్ బదులు నకిలీది పెట్టే పైథాన్ మాక్ లైబ్రరీ ఈ గోతిలో ఎప్పుడో పడింది. మాక్‌కి ఏ పేరైనా సమ్మతమే కాబట్టి, చెక్ చేసే మెథడ్ పేరులో అసర్ట్ అని రాయబోయి అక్షరం తారుమారై అస్రెట్ అని పడితే, ఆ చెక్ జరగదు, టెస్టు మాత్రం పచ్చగా పాసవుతుంది. పైథాన్ 3.5 వెర్షన్‌లో అసర్ట్, అస్రెట్ అని మొదలయ్యే తెలియని పేర్లకి ఎర్రర్ ఇచ్చేలా మార్చారు. ఒక ప్రామాణిక లైబ్రరీలో, జనం చేసే అచ్చుతప్పుని పేరు పెట్టి రాయాల్సి వచ్చింది. కోడ్ నడపకుండానే తప్పులు వెతికే టైప్ చెకర్ల పరిస్థితీ అంతే. క్లాసులో గెట్‌యాటర్ ఉంటే మైపై అనే చెకర్ ఏ యాట్రిబ్యూట్ అడిగినా సరే అని వదిలేస్తుంది. అంటే ఈ ఎనిమిది లైన్లు నడిచే ప్రోగ్రాంనే కాదు, దాన్ని కాపలా కాసేవాళ్ల నోరు కూడా మూయిస్తాయి.

మూడోది, నలభై చోట్ల చెక్ రాయడం గురించి. ఇది నిజమైన బాధే, దాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ ఆ నలభై చెక్‌లని వరసగా చదివితే ఒక విషయం బయటపడుతుంది. మా కోడ్‌లో కూర్చుని ఇద్దరం చదివాం. వాటిలో ఇరవైకి పైగా ఒకే విషయం గురించి ఉన్నాయి: కూపన్ లేని ఆర్డర్. కొన్ని, అడ్రస్ ఇంకా ఇవ్వని కస్టమర్ గురించి. మిగిలినవి ఏమిటో మాకే అర్థం కాలేదు. ఏ ఫంక్షన్ ఎందుకు నన్ ఇస్తోందో రాసినవాళ్లు ఇప్పుడు ఇక్కడ లేరు. ఒకే నల్ క్లాసు పెడితే ఈ మూడూ కలిసిపోయేవి.

రూబీలో 2.3 నుంచి ఉన్న సేఫ్ నావిగేషన్ గుర్తు (అడిగేది నిల్ అయితే ఎర్రర్ లేకుండా నిల్లే ఇచ్చేది) గురించి కూడా అడిగారు ఒకరు, అది వాడితే సరిపోదా అని. అది నల్ ఆబ్జెక్ట్‌కి పొట్టి రూపం. ఒక లైనులో ఒక చుక్క దగ్గర వాడితే మంచిదే, కనీసం కంటికి కనిపిస్తుంది. ఒకే లైనులో నాలుగు వరసగా పెడితే, ఏ మెట్టు దగ్గర నిల్ అయిందో ఎవరూ చెప్పలేరు. పైథాన్‌కి ఇలాంటిది తెద్దామని 2015లో రాసిన పెప్ 505 అనే మార్పు ప్రతిపాదన ఇప్పటికీ వాయిదాలోనే ఉంది. నాకు దాని కోసం తొందరేమీ లేదు.

రూబీ వాళ్లకి ఇంకో ఇబ్బంది ఉంది, పైథాన్‌లో లేనిది. రూబీలో నిల్, ఫాల్స్ తప్ప మరేదీ ఇఫ్‌లో అబద్ధంగా లెక్కకి రాదు. ఎంత చక్కగా రాసిన నల్ ఆబ్జెక్ట్ అయినా "యూజర్ ఉంటే" అన్న పాత చెక్ దగ్గర నిజమైపోతుంది. అందుకని పాత చెక్‌లు ఉన్న కోడ్‌లో సగం చోట్ల నల్ ఆబ్జెక్ట్ పెడితే ముప్పు ఎక్కువ. పైథాన్‌లో డండర్ బూల్ రాసి ఫాల్స్ ఇప్పించవచ్చు, కానీ "ఈజ్ నన్" అన్న చెక్‌ని ఏ ఆబ్జెక్టూ మోసం చేయలేదు. అది నాకు ఊరట. కనీసం ఒక్క తలుపైనా నిజం చెబుతుంది.

సీసా మీద నంబరు

పాల కేంద్రంలో చివరికి ఏం చేశానో చెప్పాలి. నల్ క్లాసు తీసేసి "రావాల్సిన రీడింగ్" అనే క్లాసు రాశాను. అదీ ఒక రకంగా నల్ ఆబ్జెక్టే. స్లిప్ మీద ఏం రాయాలని అడిగితే "ఫ్యాట్ రావాలి, సీసా నంబరు ఇంత" అంటుంది. ఫ్యాట్ ఎంత అని అడిగితే మాత్రం అర్థమయ్యే మాటల్లో ఎర్రర్ ఇస్తుంది. డేటాబేసులో నల్‌గా పడుతుంది. పక్షం బిల్లు వేసేముందు ప్రోగ్రాం రావాల్సినవి ఎన్నున్నాయో చూసుకుని, ఒక్కటున్నా ఆ రైతు బిల్లు ఆపి, ఏ సీసా చూడాలో చెబుతుంది. పొద్దున వరస ఆగలేదు. ఆగితే బిల్లు ఆగింది, అదీ మధ్యాహ్నం, అందరూ కుదురుగా కూర్చున్నప్పుడు.

పోయిన వారం ఆ అమ్మాయికి ఈ కథంతా చెప్పాను. తను రెండు రోజుల తర్వాత కోడ్ మార్చి పంపింది. నల్ క్లాసు లేదు. "కూపన్ లేదు" అని ఒక క్లాసు ఉంది, నాలుగు మెథడ్లు, తగ్గింపు అడిగితే 0. "అడ్రస్ ఇవ్వలేదు" అని ఇంకొకటి ఉంది, చూపించడానికి ఒక వాక్యం ఇస్తుంది, పిన్‌కోడ్ అడిగితే ఎర్రర్ ఇస్తుంది. మూడో రకం దగ్గర క్లాసు లేదు, ఒక కామెంట్ ఉంది: "ఇది ఎందుకు ఖాళీగా వస్తోందో తెలియలేదు. పేరు దొరికాక రాస్తాను." నేను అలాగే మెర్జ్ చేశాను, అంటే అసలు కోడ్‌లో కలిపేశాను. అక్కడ నన్ వస్తే ప్రోగ్రాం ఇప్పటికీ ఆగిపోతుంది. నిన్న రాత్రి ఒకసారి ఆగింది కూడా. ఈ రోజు ఆ లాగ్ ముందు పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం.